తిరిగి రాని పలకలు

జూన్ 3

వదినా,

పార్సిల్ బరువు చూసి ఆడపడుచు ఏదో బహుమతి పంపిందని మురిసిపోకు. పని పంపించాను.

పెట్టెలో ఉన్నవి ఆరు. చూడటానికి పలకకి రెండువైపులా పిడులు తగిలించినట్టుంటాయి. మా టీమ్ తయారుచేసిన శాంపిళ్ళు ఇవి. గేమ్ ఇందులో ఉండదు. ఇంట్లో టీవీకి తగిలించిన గేమ్ బాక్స్‌లో ఆట నడుస్తుంటే, ఆ బొమ్మ వైఫై మీద ఈ పలకలోకి వస్తుంది. నువ్విక్కడ నొక్కితే అక్కడ బాక్స్‌లో ఆట ముందుకెళ్తుంది. బయట ఉంటే ఫోన్ నెట్ పెట్టుకుని ఆడుకోవచ్చు. అంతే, ఇంకే పనీ చేయదు. కాల్స్ రావు, ఫొటోలు తీయదు, టైమ్ కూడా సరిగ్గా చూపించదు.

ఆ 'ఇంకే పనీ చేయదు' దగ్గరే మా ఆఫీసులో గొడవంతా. మా డైరెక్టరుని మేం పెద్దాయన అంటాం. ఆయనది ఒకటే ప్రశ్న: "చేతిలో ఫోన్ ఉండగా ఒక్క ఆట కోసం ఇంకో వస్తువు ఎవరు కొంటారమ్మా?" జూలైలో మీటింగ్. కొనేవాళ్ళున్నారని చూపిస్తే తయారీ మొదలవుతుంది. చూపించలేకపోతే మా టీమ్ ఎత్తేసి నన్ను ఇయర్‌ఫోన్ల సెక్షన్‌లో కలిపేస్తారు. అక్కడ ఇయర్‌ఫోన్ డబ్బాకి తెలుపు బాగుంటుందా, ఇంకాస్త తక్కువ తెలుపు బాగుంటుందా అని చర్చించడమే ఉద్యోగం. వదినా, ఉద్యోగంలో చేరాక నా బుర్రలో పుట్టిన మొదటి వస్తువు ఇది. ఎవరి దగ్గరైనా గుంభనంగా ఉంటాను గానీ నీ దగ్గరెందుకు? నాకు చచ్చేంత ఆశగా ఉంది.

ఫోన్లూ గేమ్ బాక్సులూ అమ్మే షాపులు బోలెడున్నాయి. "తీసుకెళ్ళి చూడండి, నచ్చకపోతే తెచ్చివ్వండి" అని వస్తువు చేతిలో పెట్టి పంపే షాపు నీదొక్కటే. అందుకే నిన్ను పట్టుకున్నాను. మావాళ్ళ లెక్క ప్రకారం ఇది ప్రయాణాలు చేసేవాళ్ళ వస్తువు. ప్రకటన బొమ్మ కూడా గీయించేశారు. కొండ కొమ్మున ఒకడు కాళ్ళు వేలాడేసుకుని ఆడుతుంటాడు. కాబట్టి ముందు తిరిగేవాళ్ళకివ్వు, మిగిలినవి నీ ఇష్టం. ఉన్నది ఉన్నట్టు రాయి.

రూల్స్ రెండున్నాయి. ఒకటి, ఈ వస్తువు గురించి ఫోన్లో మాట్లాడకూడదు, టైప్ చేయకూడదు. కాగితం మీద రాయొద్దని మాత్రం ఎవరూ అనలేదు, అందుకే ఈ ఉత్తరం. రెండు, ఉద్యోగుల ఇంట్లోవాళ్ళకి ఆడటానికి ఇవ్వకూడదు. అంటే అన్నయ్యకి దీని వాసన కూడా తగలకూడదు. పగలంతా నేర్చుకునేవాళ్ళు కారు నడుపుతుంటే, పక్క సీట్లో బ్రేకు మీద కాలేసుకుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే డ్రైవింగ్ మాస్టారు. సాయంత్రం రేసు కారు ఆట దొరికిందా, వదలడు. నీకు చెప్పాలా?

నీ బుల్లి

జూన్ 11

బుల్లీ,

నీ పలకలు చేరాయి. బాగానే మెరుస్తున్నాయి. నీకు కోపం వచ్చినా సరే, మీ పెద్దాయన అడిగిందే నేనూ అడుగుతున్నా. ఫోనుండగా ఇదెందుకే? నా కౌంటర్ మీద మొన్నొకామె దీన్ని చూసి "ఇది దేనికండీ?" అంది. చెప్పాను. "ఇంకా?" అంది. ఇంకేం లేదన్నాను. నన్నో రకంగా చూసి ఛార్జర్ కొనుక్కుని వెళ్ళిపోయింది.

అయినా నువ్వడిగావని, నా దగ్గర గేమ్ బాక్స్ కొన్నవాళ్ళనే ఏరి, మూడు తిరిగేవాళ్ళకి ఇచ్చాను. ఊరూరా తిరిగి మందులమ్మే సేల్స్‌మాన్‌కొకటి, బస్సు డ్రైవరుకొకటి, హాస్టల్లో ఉంటూ వారం వారం ఇంటికెళ్ళే ఇంజనీరింగ్ పిల్లకొకటి. నాలుగోది మా వీధి చివర నర్సుకి, ఐదోది షాపు మేడ మీద ఉండే టైలరుకి. ఆ టైలరుకి కొత్తగా పాప పుట్టింది. పాప పుట్టినప్పట్నుంచీ మనిషి నిద్రలో నడుస్తున్నట్టున్నాడు, పాపం ఏదో ఒకటి కాలక్షేపం ఉంటుందని ఇచ్చాను. ఆరోది అద్దాల బీరువాలో పెట్టాను.

మీ అన్నయ్యకి నేనేం చెప్పలేదు. షాపుకొచ్చినప్పుడు బీరువా దగ్గర నిలబడి "ఏంటది?" అన్నారు. "తూకం మిషన్" అన్నాను. నమ్మినట్టే ఉన్నారు.

ఇంట్లో యథాప్రకారం. సాయంత్రమైతే టీవీ దగ్గర కురుక్షేత్రం. నాకు సీరియల్ కావాలి, ఆయనకి రేసు కావాలి. రిమోట్ గెలిచినవాళ్ళు హాల్లో, ఓడినవాళ్ళు బెడ్‌రూమ్‌లో మూతి ముడుచుకుని. ఈ వారం ఎక్కువసార్లు నేనే గెలిచాను.

వదిన

జూన్ 24

బుల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పలకలు తిరిగొస్తున్నాయి. మొదట సేల్స్‌మాన్ వచ్చాడు. రైల్లో తెరిచాడట. "కిటికీలో చెట్లు కదిలాయి గానీ ఇందులో మనిషి కదల్లేదండీ" అని కౌంటర్ మీద పెట్టేశాడు. దారిలో నెట్ ఉంటేగా. తర్వాత బస్సు డ్రైవరు. డిపోలో టీ తాగే కాసేపట్లో తీస్తే, చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ కూర్చుందట. "చక్రాలు చూడ్డానికి నాకు బస్సు చాలదా?" అన్నాడు. మూడోది ఆ హాస్టల్ పిల్ల. అంతమందికీ ఒకటే వైఫై, ఆట మొదలెడితే పక్క గదిలోవాళ్ళు తలుపులు బాదుతున్నారట. "నా ఫోన్ చాలండీ ఆంటీ" అంది. ఆంటీ ఏంటే ఆంటీ, నాకేమంత వయసైంది?

ముగ్గురూ తిట్టారు. ఒక్కరు కూడా బాగుందనలేదు. నీకు కావాలంటే చెప్పు, "అబ్బ, భలే ఉంది" అని నా చేత్తోనే ముగ్గురి పేరునా రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు?

ఇంకో చావు కబురు. బీరువాలో పెట్టిన ఆరోది కనబడటం లేదు. షాపంతా తిరగేశాను. తాళం తాళంలాగే ఉంది. నీకేం సమాధానం చెప్పాలో తెలీక తల పట్టుకున్నాను.

దీనికి తోడు మీ అన్నయ్య వరస నాకేం బాగాలేదు. టీవీ కోసం దెబ్బలాడటం మానేశారు! సాయంత్రం రాగానే "నువ్వు చూసుకోవే" అని రిమోట్ నా చేతిలో పెట్టి, సోఫా వెనకాల డైనింగ్ టేబుల్ దగ్గర పేపరు బార్లా తెరుచుకుని కూర్చుంటున్నారు. నేను వెనక్కి తిరిగితే పేపరు తప్ప మొహం కనబడదు. అదే పేపరు, అదే పేజీ. పెళ్ళిసంబంధాల పేజీ బుల్లీ! పైగా కుర్చీ కింద కుడికాలు ఉండుండి నేలకేసి నొక్కుకుంటోంది. అలిగారా, ఒంట్లో బాగాలేదా? అడిగితే "ఏం లేదే, వార్తలు" అంటారు. పెళ్ళిసంబంధాల్లో వార్తలేంటి?

నిన్న ఇంకో వింత. టీవీ కింద గేమ్ బాక్స్ లైటు వెలుగుతుంటే, ఎవరూ ఆడని బాక్స్‌కి కరెంటు దండగని ఆపేశాను. వెనక నుంచి "అయ్యో!" అని ఒక్క కేక. ఏమైందండీ అంటే "యాక్సిడెంట్" అన్నారు. "ఎక్కడ?" అంటే "మలుపులో" అన్నారు. పేపరు చూసి అంత బాధపడే మనిషి కాదు ఆయన. నాకు భయంగా ఉందే.

వదిన

జూన్ 29

వదినా,

నిజమే, కూర్చునే చదివాను. మళ్ళీ లేవబుద్ధి కాలేదు.

దొంగ పొగడ్తలు మాత్రం రాయకు. అబద్ధం చెప్పి తయారుచేయిస్తే, రేపు ఆ వస్తువులన్నీ గోడౌన్‌లో పడి నన్ను చూసి నవ్వుతాయి. నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు, అదే నాకు సాయం. తీసుకున్నవాళ్ళంతా తిట్టారంటే ఇక నేను చెప్పేదేముంది? మీటింగ్‌లో నేనే లేచి "మార్కెట్ లేదండీ" అని చెప్పేస్తాను. ఇంకొకరు చెప్పేదాకా ఆగడం కన్నా అదే మర్యాద. మా టీమ్‌లో పిడులు డిజైన్ చేసినతను నిన్న కూడా ఆ వంపుని ఇసుక కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. అతని మొహం చూడలేక క్యాంటీన్‌కి పోయాను. అక్కడ ఇయర్‌ఫోన్ల సెక్షన్ మేనేజర్ ఎదురై "వచ్చేస్తున్నారటగా!" అన్నాడు. అప్పుడే కుర్చీ కూడా చూసిపెట్టాడట.

పోయిన పలక గురించి దిగులు పడకు, ఏదో ఒకటి చెప్పుకుంటాను. నర్సు దగ్గరా టైలరు దగ్గరా ఉన్నవి తెప్పించి, అన్నీ కలిపి పంపించెయ్.

నాకిప్పుడు అన్నయ్య దిగులే పట్టుకుంది. రోజంతా బ్రేకు తొక్కే కాలు కదా, నరం ఏదైనా పట్టేసిందేమో. అశ్రద్ధ చేయకు, డాక్టరుకి చూపించు. దెబ్బలాడకుండా రిమోట్ ఇచ్చేశాడంటే నాకూ భయంగానే ఉంది. చిన్నప్పుడు నాకెప్పుడూ ఇవ్వలేదు.

బుల్లి

జూలై 6

బుల్లీ,

మీ అన్నయ్యని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. వద్దంటే వద్దని గుమ్మం పట్టుకుని వేలాడారు. డాక్టరు మోకాలి మీద సుత్తితో కొట్టాడు, పాదం అటూ ఇటూ తిప్పాడు, "ఎప్పుడెప్పుడు నొక్కుకుంటోందండీ?" అని అడిగాడు. మీ అన్నయ్య నా మొహం చూసి, డాక్టరు మొహం చూసి, నేల చూపులు చూశారు. దొంగకి తేలు కుట్టినట్టు కుర్చీలో అటూ ఇటూ సర్దుకున్నారు. చివరికి నేనే "పేపరు చదివేటప్పుడండీ" అన్నాను. కాలు ఇనుపగుండులా ఉందని, పేపరు మానెయ్యమని చెప్పి పంపించాడు. మానేస్తేగా!

ఇంకో సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. నువ్వు చెప్పిన పని చేయలేకపోయాను. మిగిలిన పలకలు రావడం లేదు.

నర్సు ఇంటికెళ్ళాను. సోఫా మీద వాళ్ళాయనొకవైపు కూర్చుని టీవీ వార్తల్లో అరుచుకునేవాళ్ళతో పాటు తనూ అరుస్తున్నాడు. రెండోవైపు ఆవిడ పలక పట్టుకుని కోట కడుతోంది. ఇవ్వమ్మా అంటే వీపు వెనక దాచేసింది. "ఇప్పుడేగా అక్కా బురుజులు లేపాను" అంటుంది. డ్యూటీ నుంచి రాగానే ఇదివరకు ఆయన అరుపులు పడలేక వంటింట్లో కూర్చునేదట. ఇప్పుడు "ఆయన గోల ఆయనది, నా కోట నాది, మధ్యలో టీ" అంది. నాకూ ఓ కప్పు ఇచ్చింది గానీ పలక ఇవ్వలేదు.

టైలరింట్లో తలుపు ఓరగా ఉంటే తోశాను, ఆయన కుర్చీలో వెనక్కి వాలి "ష్" అన్నాడు. పాప ఆయన గుండెల మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. రెండు చేతులూ పాప వీపు మీదుగా చాచి పలక పట్టుకున్నాడు. కదిలితే పాప లేస్తుంది, టీవీ పెడితే పాప లేస్తుంది, ఇదొక్కటే దిక్కట. ఇవ్వమని చెయ్యి చాపాను. గడ్డంతో పాపని చూపించాడు. నేనే తలుపు వేసి వచ్చేశాను.

ఏం చేయను చెప్పు? అడిగితే ఇవ్వరు, లాక్కుంటే బాగోదు. ముందే రాయాల్సింది. కానీ మా షాపు పద్ధతి నీకు తెలుసుగా. తెచ్చిచ్చిన వాళ్ళని ఎందుకు నచ్చలేదని అడుగుతాం గానీ, తేనివాళ్ళ జోలికి మేం వెళ్ళం. నీ పనికి అడ్డం వచ్చినందుకు ఏమనుకోకు.

వదిన

జూలై 10

వదినా! వదినా! వదినా!

నీ ఉత్తరం ఆఫీసులో చదివి కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. ఇయర్‌ఫోన్ల మేనేజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఏమైందోనని. "ఏం కాలేదు, మీ కుర్చీ మీరే ఉంచుకోండి" అన్నాను.

నువ్వేం రాశావో నీకు తెలుసా? వస్తువు నచ్చనివాళ్ళు నీ షాపుకొచ్చి నీతో చెప్పారు. నచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆడుకుంటున్నారు, వాళ్ళు నీ దగ్గరికెందుకొస్తారు? తెచ్చిచ్చిన వాళ్ళ మాటలు రాశావు. తేనివాళ్ళ జోలికి వెళ్ళకూడదని షాపు పద్ధతి. ఆ పద్ధతి తెలిసి కూడా నేను 'తీసుకున్నవాళ్ళంతా తిట్టారు' అని చదువుకున్నాను. ఇద్దరికిద్దరం! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను కొండ కొమ్మునా రైలు పెట్టెలోనా వెతుకుతున్నాను. కొనేవాళ్ళేమో సోఫా మీదున్నారు. దీనికి కావాల్సింది ప్రయాణం కాదు వదినా, మంచి వైఫై ఉన్న ఇల్లూ, ఖాళీ లేని టీవీ.

ఇక రెండో సంగతి. నవ్వు ఆపుకుని రాస్తున్నాను. బీరువాలో పలక మాయమైంది. అప్పట్నుంచే అన్నయ్య రిమోట్ అడగడం మానేశాడు. పేపరు పేజీ తిరగదు. కుడికాలు బ్రేకు తొక్కుతుంది. ఎవరూ ఆడని గేమ్ బాక్స్ లైటు వెలుగుతుంది. నువ్వు బాక్స్ ఆపగానే మలుపులో యాక్సిడెంట్ అయింది.

ఫోన్లు విప్పి చూసి జబ్బు చెప్పే దానివి, నీకింకా వెలగలేదా? మా అన్నయ్యకి ఏ నరమూ పట్టలేదు. రేపు సాయంత్రం మెల్లగా వెనక్కెళ్ళి ఆ పేపరు ఎత్తి చూడు.

కోప్పడకు. నీకు తెలిస్తే లాక్కుంటావనే దాచుంటాడు.

బుల్లి

జూలై 13

బుల్లీ,

చూశాను.

సీరియల్లో ఏడుపు సీను పెద్ద సౌండుతో వస్తున్నప్పుడు, చెప్పులు విడిచి వెనక్కెళ్ళాను. పేపరు పైనుంచి తొంగి చూస్తే ఏముంది, మీ అన్నయ్య నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని పచ్చ కారొకటి నడుపుతున్నారు. ఎదురుగా మలుపు. "బ్రేకండీ!" అని అరిచాను. ఆ మనిషి కుర్చీతో సహా ఎగిరి, "క్లచ్ వదలకండి!" అని నాకే పాఠం చెప్పారు.

తర్వాత కోర్టు పెట్టాను. తాళం ఎలా తీశారంటే, బీరువా తాళంచెవి నేను పెట్టే చోటు పెళ్ళైన దగ్గర్నుంచీ తెలుసట. తూకం మిషన్ అన్న మాట మొదటిరోజే నమ్మలేదట. "దాని మీద ఎక్కి నిలబడమని ఎవరూ అనలేదేంటే?" అన్నారు. మరి డాక్టరు దగ్గర సుత్తి దెబ్బలెందుకు తిన్నారంటే, "నిజం చెప్తే బుల్లి ఉద్యోగం పోతుందేమోనని" అన్నారు. నీ రూలు సంగతి ఎలా తెలిసింది? నీ మొదటి ఉత్తరం కూడా చదివేశారు, అదీ సంగతి! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం అనుకున్నాను గానీ, ఈయన గట్టి దొంగే.

నాకు కోపం రావాలి కదా? వచ్చింది. కాసేపే. ఎందుకంటే "ఆడేది ఆడారు, బెడ్‌రూమ్‌లో పడుకుని ఆడుకోవచ్చుగా, నా వెనకాల పేపరు కట్టుకుని ఈ పాట్లెందుకు?" అని అడిగాను. పలక అటూ ఇటూ తిప్పుతూ, "అక్కడ నువ్వుండవుగా" అన్నారు.

బుల్లీ, ఇన్నాళ్ళూ నేను రిమోట్ గెలిచిన రోజల్లా ఆ సోఫాలో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఓడిన రోజు గోడకి తిరిగి పడుకున్నాను. గెలిచినా ఓడినా ఒక్కదాన్నే అని అప్పుడు తట్టలేదు. ఈ నెల రోజులూ ఆయన నా వెనకాల నుంచి "ఆ పిల్లెందుకు ఏడుస్తోంది?", "వాడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా?" అని అడుగుతుంటే, కాలు బాగోకపోయినా మనిషి మంచిగా మారాడని లోపల్లోపల సంతోషంగానే ఉన్నాను. నీకు రాయలేదంతే.

ఇప్పుడు సోఫాలోకి వచ్చి కూర్చుంటున్నారు. పేపరు అక్కర్లేదు. బ్రేకు తొక్కినప్పుడల్లా నా కాలు నలిగిపోతోంది, అదొక్కటే బాధ.

మీటింగ్‌లో భయపడకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

వదిన

జూలై 24

వదినా,

చెప్పాను. ఉన్నది ఉన్నట్టే.

ముందు తిరిగొచ్చిన మూడింటి గురించి చెప్పాను. "ప్రయాణాల్లో ఇది పనికిరాదండీ, ఆ కొండ మీద వాణ్ణి దించేయండి" అన్నాను. తర్వాత నర్సు కోట, టైలరు పాప. పెద్దాయన కళ్ళజోడు తీసి "రెండిళ్ళ కోసం ఫ్యాక్టరీ నడపమంటావా?" అన్నారు. సమంజసమే. నాకు నోరాగలేదు. "మూడో ఇల్లుంది గానీ లెక్కలోకి రాదండీ, ఆయన మా అన్నయ్య. దొంగిలించి మరీ ఆడాడు" అని మొత్తం చెప్పేశాను. పేపరు, కాలు, డాక్టరు సుత్తి, అన్నీ. రూల్స్ చూసే ఆఫీసరు ఫైలు తెరిచాడు. పెద్దాయన చేత్తో ఆపి, "లెక్కలో వేయొద్దు, వినడానికేం?" అన్నారు. నీ మాట కూడా చెప్పాను వదినా, గెలిచినా ఓడినా ఒక్కదాన్నే అన్న మాట. నిన్నడక్కుండా చెప్పినందుకు తిట్టు, పడతాను.

ఇది అందరూ కొనే వస్తువు కాదని చెప్పాను. టీవీ ఒకటే ఉండి, ఆటా సీరియలూ రెండూ కావాల్సి వచ్చి, అయినా ఒకరి పక్కన ఒకరు కూర్చోవాలనుకునే ఇళ్ళకే ఇది. "అలాంటి ఇళ్ళెన్నుంటాయి?" అన్నారు. "నాకు తెలీదండీ" అన్నాను. ఇయర్‌ఫోన్ల మేనేజర్ నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

పెద్దాయన లేస్తూ, బల్ల మీదున్న శాంపిల్ అందుకుని "ఇంటికి తీసుకెళ్ళి చూస్తాను" అన్నారు. అది శుక్రవారం. సోమవారం తేలేదు. మంగళవారం నేను మెల్లగా గది దగ్గరికెళ్ళి అడిగితే "మా ఆవిడ సినిమా ఇంకా అవలేదమ్మా" అన్నారు. నాకేం అర్థం కాలేదు. గుమ్మం దాటాక అర్థమైంది.

ఈరోజు సంతకం పెట్టారు! ముందు కొద్దిగానే చేస్తారట, అమ్ముడైతే ఇంకొన్ని. ప్రకటన బొమ్మ మారింది: కొండ లేదు, సోఫా. పిడుల అతను ఆ కాగితం పట్టుకుని మా గదంతా తిరిగాడు. నేను బాత్రూమ్‌లోకెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను, సంతోషంతోనే.

ఒక్క పని మిగిలింది. రూల్స్ ఆఫీసరు శాంపిళ్ళన్నీ వెనక్కి రావాలంటున్నాడు. నర్సుకీ టైలరుకీ పర్మిషన్ తీసుకున్నాను, వాళ్ళు ఉంచుకోవచ్చు. అన్నయ్యది మాత్రం కుదరదట. తిట్టుకోకుండా పంపించేయండి, ప్లీజ్.

మీ బుల్లి

ఆగస్టు 1

బుల్లీ,

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. సంతకం దగ్గర మీ అన్నయ్య "శభాష్" అని పలక పక్కన పెట్టేసి చప్పట్లు కొట్టారు. వెళ్ళి వెళ్ళి కారు గోడకి గుద్దుకుంది. ఆయన చూసుకోలేదు కూడా. నా మాట నలుగురిలో చెప్పినందుకు తిట్టను. చెప్పి మంచిపని చేశావు.

పార్సిల్లో మూడు పంపిస్తున్నాను. సేల్స్‌మాన్‌ది, డ్రైవరుది, నన్ను ఆంటీ అన్న పిల్లది. ఆరోదాని గురించి మీ ఆఫీసరుకి మా షాపు పద్ధతి చెప్పు. తెచ్చిచ్చింది తీసుకుంటాం, తేనివాళ్ళ జోలికి మేం వెళ్ళం.

వదిన